1798 హైదరాబాద్: ఫ్రెండ్స్‌తో కలిసి ఆడే చరిత్ర క్యాంపెయిన్ ఎలా తయారు చేసుకోవాలి?

ఈ ఎపిసోడ్ అఫ్జల్‌గంజ్‌లోని మా రూమ్ నుంచే రికార్డ్ చేస్తున్నా. మధ్యమధ్యలో సిటీ బస్సుల హారన్లు వినిపిస్తే కొంచెం సర్దుకోండి.

ఈ మధ్య చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, యూరోపా యూనివర్సాలిస్, క్రూసేడర్ కింగ్స్ లాంటి ఆటలు ఒక్కడినే కూర్చుని ఆడి ఆడి విసుగొచ్చింది. మా గ్యాంగ్ అందరం కలిసి, అదీ మన ఊరి చరిత్ర మీద, అలాంటి ఆట ఆడుకోవాలంటే ఎలా?" అని. ఈ రోజు దానికే జవాబు. కంప్యూటర్ అక్కర్లేదు. ఫోన్‌లో ఒక గ్రూపు, రెండు పాచికలు, ఒక నోట్‌బుక్, ఏడుగురో ఎనిమిది మందో మనుషులు ఉంటే చాలు.

ఈ ఆటల సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గ్రాండ్ స్ట్రాటజీ అంటే ఒక్క యుద్ధం కాదు, మొత్తం రాజ్యాన్ని నడిపే ఆట. పన్నులు, అప్పులు, పెళ్లి సంబంధాలు, ఒప్పందాలు, సైన్యం, అన్నీ మన చేతిలోనే. స్వీడన్‌లో పారడాక్స్ అనే కంపెనీ ఇలాంటివి చేస్తుంది. యూరోపా యూనివర్సాలిస్ నాలుగో భాగం 1444లో మొదలై 1821లో అయిపోతుంది. మొదలుపెట్టగానే మ్యాప్‌లో దక్కను వైపు చూస్తే విజయనగరం, బహమనీలు కనిపిస్తారు. మనవాడు ఏం చేస్తాడు? విజయనగరం తీసుకుని, వంద గంటలు ఆడి, మ్యాప్ మొత్తం ఒకే రంగు పూసేస్తాడు. అయిపోయింది. తర్వాత?

ఇక్కడే అసలు లోటు బయటపడుతుంది. ఆ ఆటలో నువ్వు రాజువి కూడా కాదు, రాజ్యానివి. దివాన్ నీకు ఎదురు చెప్పడు. సిపాయి జీతం అడగడు. సాహుకారు "ముందు పాత బాకీ కట్టండి" అనడు. అవన్నీ స్క్రీన్ మీద అంకెలు, అంతే. నిజం చరిత్రలో మాత్రం రాజ్యాలు మునిగింది, తేలింది ఎక్కువగా ఈ మనుషుల మధ్యనే. అందుకని ఆ అంకెల స్థానంలో మీ ఫ్రెండ్స్‌ని కూర్చోబెడదాం. రోల్‌ప్లే క్యాంపెయిన్ అంటే ఇదే.

ఇదేదో కొత్త ఐడియా అనుకోకండి. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే ఆఫీసర్ మ్యాప్ మీద ఆడే యుద్ధపు ఆటకు రూల్స్ రాశాడు. ఆ రూల్స్ రానురాను బరువెక్కిపోయాయి. 1876లో వెర్డీ దు వెర్నువా అనే ఇంకో ఆఫీసర్ వాటిని పక్కన పెట్టి, అనుభవం ఉన్న అంపైర్ తీర్పు చాలన్నాడు. 1959లో అమెరికాలో కాల్‌హామర్ డిప్లొమసీ అనే బోర్డు గేమ్ తెచ్చాడు. ఏడుగురు ఆటగాళ్లు, పాచికలు లేవు. మాట ఇవ్వడం, మాట తప్పడం, అంతే ఆట. 1969లో డేవిడ్ వెస్లీ నెపోలియన్ కాలం నాటి ఒక చిన్న ఊరిని పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. ఆ ఆట ఆడినవాళ్లలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. అదే ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. అంటే రోల్‌ప్లే పుట్టిందే యుద్ధపు ఆటల ఇంట్లో. మనం చేయబోయేది దాన్ని పుట్టింటికి తీసుకెళ్లడం.

సరే, పాయింట్‌కి వద్దాం. మొదటి మెట్టు, సందర్భం ఎంచుకోవడం.

కొత్తవాళ్లు చేసే పని ఏంటంటే, "కాకతీయుల నుంచి నిజాం దాకా మొత్తం ఆడేద్దాం" అంటారు. అట్లా వద్దు. ఒక్క ఊరు, కొన్ని నెలలు, ఒక్క ముడి చాలు. మంచి సందర్భానికి నేను చూసే లక్షణాలు మూడు. ఒకటి, ఎవరూ ఒంటరిగా గెలవలేని పరిస్థితి. రెండు, అందరికీ అన్నీ తెలియకపోవడం. మూడు, అది వేరే విధంగా కూడా ముగిసి ఉండొచ్చు అనిపించడం.

ఈ మూడూ కుదిరే సందర్భం మన దగ్గరే ఉంది. 1798, హైదరాబాద్.

కథ ఇదీ. నిజాం అలీ ఖాన్, రెండో ఆసఫ్ జా. 1762 నుంచి గద్దె మీద ఉన్నాడు, ఇప్పుడు ముసలివాడు, ఆరోగ్యం బాగోలేదు. మూడేళ్ల కిందట, 1795లో, ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఓడిపోయాడు. అప్పుడు ఆయన దివాన్ అరస్తూ జాని మరాఠాలు పుణేకి బందీగా తీసుకెళ్లారు. ఆ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్లు సాయానికి రాలేదు. దాంతో నిజాం వాళ్ల పటాలాలను పంపించేసి, ఫ్రెంచి కమాండర్ రేమాండ్ సైన్యాన్ని పెంచాడు. అదే ఏడాది కొడుకు అలీ జా తిరగబడితే అణిచింది కూడా రేమాండే. అతని కింద పది వేలకు పైగా సిపాయిలు. మనం అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అంటాం కదా, ఆ పేరు ఇతను 1786లో పెట్టిన ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చిందే. మూసారాంబాగ్‌లో ఉన్న పొడుగాటి సమాధి స్తంభం కూడా అతనిదే.

1798 మార్చి 25న రేమాండ్ చచ్చిపోయాడు. సైన్యం పిరాన్ అనే అతని చేతికి వచ్చింది. సరిగ్గా ఇక్కడ మన క్యాంపెయిన్ మొదలవుతుంది.

సెప్టెంబర్ 1న నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఆరు వేల మంది కంపెనీ సిపాయిలు హైదరాబాద్‌లో ఉంటారు, వాళ్ల ఖర్చు నిజాందే, ఏటా 24 లక్షలకు పైగా రూపాయలు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబర్‌లో రద్దు ఆజ్ఞ వెళ్లింది. మరి పది వేల మంది సైన్యం ఊరుకుంటుందా? మీరు పెద్ద యుద్ధం జరిగిందనుకుంటారు. జరగలేదు! సిపాయిలు తిరగబడింది వాళ్ల సొంత ఫ్రెంచి ఆఫీసర్ల మీద. ఎందుకో తెలుసా? జీతాల బకాయిలు. కంపెనీ సైన్యం చుట్టుముట్టింది, బకాయిలు ఇప్పిస్తామని మాట ఇచ్చారు, కొద్ది గంటల్లో ఆయుధాలు కింద పెట్టేశారు.

దక్కను దిశ మార్చిన ఈ రోజున నిర్ణయం తీసుకున్నది, పేర్లు కూడా మిగలని సిపాయిలు. కంప్యూటర్ ఆటలో వాళ్లు "మొరేల్" అనే ఒక్క అంకె. మన ఆటలో వాళ్ల తరఫున ఒక మనిషి కుర్చీలో కూర్చుంటాడు.

రెండో మెట్టు, పాత్రలు.

మా టేబుల్‌కి నేను ఎనిమిది పెట్టాను. నిజాం అలీ ఖాన్. దివాన్ అరస్తూ జా. కంపెనీతో బేరసారాలు తెలిసిన మీర్ ఆలం. ఇంగ్లీషు రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్. ఫ్రెంచి దళం కమాండర్ పిరాన్. పుణే దర్బారు వకీలు. సిపాయిల తరఫున ఒక సుబేదారు. ఊళ్లో అప్పులిచ్చే ఒక సాహుకారు. చివరి ముగ్గురూ నేను కల్పించుకున్న మనుషులు, కానీ వాళ్ల పనులు కల్పితం కాదు. టిప్పు సుల్తాన్‌ని ఎవరికీ ఇవ్వలేదు. ఆయన శ్రీరంగపట్నంలో ఉంటాడు, ఆయన గురించి వార్తలు మాత్రం వస్తాయి. దూరంగా ఉండి అందరినీ భయపెట్టే పాత్ర ఒకటి అంపైర్ చేతిలో ఉండటం మంచిది.

ఒక్కో పాత్రకి ఒక్క పేజీ చాలు. అందులో నాలుగు విషయాలు రాయండి: నీకు ఏం కావాలి, నీకు దేని భయం, నీ చేతిలో ఏముంది, నీకు మాత్రమే తెలిసింది ఏంటి. ఉదాహరణకి సుబేదారు పేజీ చూడండి. కావాల్సింది: మా వాళ్ల బకాయిలు. భయం: దళం రద్దయితే బయట వేరే కొలువు దొరకదు. చేతిలో ఉన్నది: నేను నడవమంటేనే వాళ్లు నడుస్తారు. నాకు మాత్రమే తెలిసింది: పిరాన్ పెట్టెలో ఎంత డబ్బుందో. అంతే.

"మరి గెలుపు ఎవరిది?" అని అడుగుతారు. ప్రతి పాత్రకీ మూడు లక్ష్యాలు ఇవ్వండి, ఒకదానికొకటి కొంచెం అడ్డం పడేలా. అరస్తూ జాకి ఖర్దా అవమానం తీర్చుకోవాలి, దానికి సైన్యం కావాలి. ఖజానా కూడా కాపాడాలి. కంపెనీ చేతిలో కీలుబొమ్మ కాకూడదు. మూడూ ఒకేసారి కుదరవు. ఏది వదులుకుంటాడో అదే అతని కథ. ఇలా పెడితే ఇద్దరు ముగ్గురు ఒకేసారి గెలవొచ్చు, అందరూ ఓడిపోవచ్చు కూడా. "మ్యాప్ అంతా నాదే" అనే పిచ్చి ఇక్కడ పని చేయదు.

మూడో మెట్టు, కాలం, వార్తలు.

ఒక్క టర్న్ అంటే ఒక్క నెల. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఏడు టర్న్‌లు, వారానికి ఒకటి. ఏడు వారాల్లో క్యాంపెయిన్ అయిపోవాలి. ఇది ముఖ్యం ఫ్రెండ్స్. ముగింపు తేదీ లేని క్యాంపెయిన్లు సగంలోనే ఆగిపోతాయి. ఒకరికి ఎగ్జామ్స్, ఒకరికి ఆఫీసులో రిలీజ్, ఇంకొకరికి అక్క పెళ్లి. ముందే తేదీ చెబితే మనుషులు నిలబడతారు.

మేము ఆదివారం మధ్యాహ్నాలు ఆడేవాళ్లం. పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుని, అక్కణ్ణుంచి రూమ్‌కి. వారం మధ్యలో ఫోన్‌లో రహస్య మంతనాలు. ఇద్దరిద్దరు విడిగా మాట్లాడుకోవచ్చు, కానీ ఒక కండిషన్: ప్రతి ఉత్తరం అంపైర్‌కి కూడా వెళ్లాలి, అంపైర్ చెప్పినప్పుడే చేరినట్టు లెక్క. ఎందుకంటే ఆ రోజుల్లో కలకత్తా నుంచి ఉత్తరం రావడానికి వారాలు పడుతుంది. వాట్సాప్ స్పీడ్‌తో 1798 ఆడితే అది 1798 కాదు.

దీని బలం ఒక్క ఉదాహరణతో చెప్తా. 1798 జనవరిలో మారిషస్‌లో ఫ్రెంచి గవర్నర్ ఒక ప్రకటన వేశాడు, టిప్పు తరఫున పోరాడే వాలంటీర్లు కావాలని. ఆ సంగతి జూన్‌లో కలకత్తాకి చేరింది. కొత్త గవర్నర్ జనరల్ వెల్లెస్లీ మే నెలలోనే వచ్చి ఉన్నాడు, దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. నిజంగా టిప్పు దగ్గరికి వచ్చిన వాలంటీర్లు ఎంతమంది? వంద మంది లోపే! కానీ వార్త బరువు వేరు, వాస్తవం బరువు వేరు. మీ ఆటలో రెసిడెంట్‌కి ముందు వార్త మాత్రమే ఇవ్వండి. అంకె రెండు టర్న్‌ల తర్వాత ఇవ్వండి. ఈ లోపు అతను ఏం చేస్తాడో చూడండి.

మ్యాప్ విషయంలో కూడా జాగ్రత్త. ఇప్పటి గూగుల్ మ్యాప్ తీసి వాడకండి. నేను కూర్చున్న అఫ్జల్‌గంజ్ 1798 మ్యాప్‌లో ఉండదు. ఈ పేరు 1857 నుంచి 1869 దాకా ఏలిన అఫ్జలుద్దౌలాది. నయాపూల్ లేదు, చాదర్‌ఘాట్ వంతెన లేదు. మూసీ మీద అప్పటికి ఉన్నది 1578 నాటి పురానాపూల్ ఒక్కటే. అందుకని మేము ఒక రూల్ పెట్టుకున్నాం: వానాకాలం టర్న్‌లలో పాచిక వేసి, మూసీ పొంగితే, నదికి ఆ ఒడ్డున ఉన్నవాళ్లకి ఉత్తరం ఒక రోజు ఆలస్యం. చిన్న రూలే, కానీ నది ఒక్కసారిగా నిజమైపోయింది. 1908 వరద గురించి పెద్దవాళ్లు చెబితే విన్నవాళ్లకి ఆ రూల్ ఎందుకో వివరించక్కర్లేదు.

నాలుగో మెట్టు, నిర్ణయం ఎలా తేలుతుంది?

ఇది ఇంజినీర్ల సెక్షన్. ఆటగాడు "నేను ఇది చేస్తున్నా, ఇది జరుగుతుంది" అంటాడు, దానికి కారణాలు చెబుతాడు. ఎదుటివాళ్లు "జరగదు, ఎందుకంటే" అని అడ్డు కారణాలు చెబుతారు. రెండు పాచికలు వేస్తాం, మొత్తం 7 గానీ, ఇంకా ఎక్కువ గానీ వస్తే జరిగినట్టు. అంటే 36లో 21 అవకాశాలు, దాదాపు 58 శాతం. ప్రతి బలమైన కారణానికి ఒకటి కలుపు, ప్రతి బలమైన అడ్డుకి ఒకటి తీసెయ్. ఒకటి కలిస్తే 72 శాతం అవుతుంది, రెండు కలిస్తే 83. ఒకటి పోతే 42, రెండు పోతే 28. రెండుకి మించి అటూ ఇటూ జరపొద్దు. కచ్చితంగా గెలిచేది, కచ్చితంగా ఓడేది అయితే పాచిక ఎందుకు?

ఏది బలమైన కారణం అనేది అంపైర్ చెబుతాడు. "నా సైన్యం పెద్దది" అంటే అది కారణమే. "నా సైన్యానికి మూడు నెలలుగా జీతం అందుతోంది, వీళ్ల సైన్యానికి లేదు" అంటే అది ఇంకా మంచి కారణం. ఇలా ఆడితే ఆటగాళ్లు తమంతట తామే చదవడం మొదలుపెడతారు, ఎందుకంటే చదివినవాడికి కారణాలు దొరుకుతాయి. మా ఇంటికి నడక దూరంలో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. మా పుణే వకీలు పాత్రధారి, ఇంటర్ తర్వాత పుస్తకం ముట్టనివాడు, నాలుగో వారానికి అక్కడికి వెళ్లి మరాఠా చరిత్ర నోట్స్ రాసుకొచ్చాడు. వాళ్లమ్మ నమ్మలేదు.

ఐదో మెట్టు, డబ్బు. చాలామంది వదిలేసేది ఇదే. ఒక షీట్ పెట్టండి, నాలుగు కాలమ్‌లు: వచ్చేది, పోయేది, అప్పు, బకాయి. ప్రతి నెలా సైన్యానికి డబ్బు పోతుంది. లేకపోతే బకాయి పెరుగుతుంది. బకాయి మూడు నెలలు దాటితే సుబేదారు పాత్రకి అదనంగా ఒక పాచిక వస్తుంది. ఈ ఒక్క రూల్ మా ఆటని ఎటు తీసుకెళ్లిందో చెప్తా.

నాలుగో టర్న్‌లో సుబేదారు పాత్ర ఆడుతున్న అమ్మాయి లేచి, నిండు దర్బారులో "మా జీతం ఎప్పుడు హుజూర్?" అంది. అందరూ నవ్వారు. దివాన్ కూడా నవ్వి వదిలేశాడు. ఐదో టర్న్‌లో మళ్లీ అడిగింది. నవ్వు కొంచెం తగ్గింది. ఆరో టర్న్‌లో ఆమె అడగలేదు. అప్పుడు పిరాన్‌కి భయం పట్టుకుంది. రాత్రికి రాత్రి సాహుకారుకి ఫోన్ చేసి అప్పు అడిగాడు. సాహుకారు ఇస్తానన్నాడు, కానీ దివాన్ రహస్యంగా ఒక జిల్లా వచ్చే ఏడాది శిస్తు రాసివ్వాలి. దివాన్‌కి కంపెనీ అంటే పడటం లేదు, రాసిచ్చేశాడు. సిపాయిలకి జీతం అందింది. అక్టోబర్‌లో రద్దు ఆజ్ఞ వచ్చినప్పుడు దళం కదలలేదు. కంపెనీ సైన్యం ఎదురుగా నిలబడింది, ఆట అక్కడ ముగిసింది. అసలు చరిత్రకి పూర్తిగా వేరు.

కానీ ఆట అయ్యాక మేము గంటసేపు మాట్లాడుకున్నది యుద్ధం గురించి కాదు, ఆ జిల్లా గురించి. "ఆ జిల్లా రైతుని ఎవరైనా అడిగారా?" అంది సుబేదారు అమ్మాయి. టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

ఎందుకంటే నిజంగా జరిగింది కూడా దానికి దగ్గరే. 1799లో టిప్పు పడిపోయాడు. 1800 అక్టోబర్‌లో ఇంకో ఒప్పందం. కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం, మైసూరు యుద్ధాల వల్ల తన వాటాకి వచ్చిన ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. బళ్లారి, కడప, అనంతపురం ఉన్న ఆ నేలని దత్త మండలాలు అన్నారు. ఇచ్చేసిన జిల్లాలు అని. ఆ పేరు నచ్చక 1928లో చిలుకూరి నారాయణరావు సూచించిన పేరే రాయలసీమ. మా గ్రూపులో ఇద్దరు కడప వాళ్లు ఉన్నారు. సైన్యం జీతాల లెక్క తమ ఊరి దాకా ఎలా వచ్చిందో వాళ్లకి ఆ రోజు ఆట టేబుల్ దగ్గర తెలిసింది. ఏ పరీక్షలోనూ ఈ రెండూ కలిపి ఒకే ప్రశ్నగా రాలేదు.

ఆఖరి మెట్టు, జాగ్రత్తలు. దయచేసి స్కిప్ చేయకండి.

నిజాం అనే మాట వినగానే మన హైదరాబాద్‌లో నలుగురు కూర్చుంటే రెండు పార్టీలు అవుతాయి. ఒకరికి కట్టిన ఆసుపత్రులు గుర్తొస్తాయి, ఇంకొకరికి తాతలు పడిన బాధలు గుర్తొస్తాయి. రెండూ నిజమైన జ్ఞాపకాలే. కాబట్టి మొదటి రోజే నాలుగు రూల్స్ చదివి వినిపించండి. ఒకటి, పాత్ర మాట వేరు, మనిషి మాట వేరు. కోపం వచ్చిన మాట పాత్రదా, నీదా అని ఎవరైనా అడగొచ్చు. రెండు, మతం, కులం ఏ పాత్రకీ పవర్ కావు, లోపమూ కావు. షీట్‌లో వాటికి అంకెలు ఉండవు. మూడు, జనం మీద జరిగే హింసని ఎవరూ నటించరు. జరిగిందని ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్తాం. నాలుగు, టేబుల్ మధ్యలో "ఆపు" అని రాసిన ఒక కార్డు. ఎవరు ముట్టుకున్నా సీన్ అక్కడితో ఆగుతుంది, కారణం అడగం.

ఇంకో రూల్ నాకు బాగా పని చేసింది. పాత్రలు మీరు ఎంచుకోవద్దు, చీటీ తీయండి. వీలైతే ఎవరికి ఎవరి మీద కోపమో వాళ్లకే ఆ కుర్చీ ఇవ్వండి. కంపెనీ పేరెత్తితే మండిపడే మా ఫ్రెండ్‌కి కిర్క్‌పాట్రిక్ వచ్చాడు. ఏడు వారాలు ఆడాక వాడు కంపెనీ ఫ్యాన్ అయిపోలేదు. కానీ వాళ్లు ఎలా గెలిచారో మాలో అందరికంటే బాగా వాడే చెప్పగలడు. కోపం తగ్గక్కర్లేదు, దానికి కాస్త తెలివి తోడైతే చాలు.

1948 మీద చేద్దామా అని అడిగేవాళ్లకి నా మాట: అప్పుడే వద్దు. ఆ రోజులు చూసినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ముందు వాళ్ల దగ్గర కూర్చుని వినండి. రెండు వందల ఏళ్ల నాటి దానితో చేయి తిరిగాక, అప్పుడు ఆలోచిద్దాం.

ఇక మీకు హోంవర్క్. మీ ఊరు వరంగల్ కావచ్చు, బొబ్బిలి కావచ్చు, మచిలీపట్నం కావచ్చు. ఒక్క ఏడాది ఎంచుకోండి. ఆ ఏడాది కథలో రాజు, సేనాపతి కాకుండా, చరిత్ర పుస్తకంలో పేరు లేని ఒక మనిషి పాత్రని నేను చెప్పిన నాలుగు ప్రశ్నలతో ఒక పేజీలో రాయండి. పడవ నడిపేవాడు, మందుగుండు కూలీ, దుబాసీ, వంటమనిషి, ఎవరైనా సరే. ఆ మనిషికి ఏం కావాలో రాయగలిగితే మీ క్యాంపెయిన్ సగం అయిపోయినట్టే.

వచ్చే ఎపిసోడ్‌లో అంపైర్ పని గురించి మాట్లాడుకుందాం. ఒకడే గంటసేపు మాట్లాడుతుంటే ఎలా ఆపాలి, నోరు విప్పని వాళ్లని ఎలా మాట్లాడించాలి, ఇలాంటివి. ఈ వీడియో మీ గ్యాంగ్ గ్రూపులో పడేయండి. ఎనిమిది మంది దొరకడమే అన్నిటికంటే కష్టమైన లెవెల్, అది ముందు దాటండి.